వందేళ్ల వయసులో స్విమ్మింగ్ రికార్డు: అది నిజంగా పోటీయేనా? మా నాన్నగారిని మాస్టర్స్‌కి పంపవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 72 ఏళ్లు. మూడేళ్లుగా రోజూ పొద్దున్నే పూల్‌కి వెళ్తున్నారు. జపాన్‌లో ఒక పెద్దావిడ వందేళ్ల వయసులో 1500 మీటర్లు ఈదిందని ఎక్కడో చదివి, తానూ మాస్టర్స్ పోటీలకు (పాతికేళ్లు దాటినవాళ్లకు వయసుల వారీగా పెట్టే ఈత పోటీలు) పేరు ఇస్తానంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మీ అనుమానం వేరు: ఆ వయసులో పక్క లేన్‌లో ఎవరూ ఉండరు కదా, గోడ ముట్టుకుంటే చాలు రికార్డే కదా, ఇందులో గొప్పేముంది?

మీ అనుమానం సగం నిజం. ఆ సగం గురించి తర్వాత మాట్లాడదాం.

ముందు నా సంగతి. నాకు 64. నలభై ఆరో ఏట నడుం నొప్పి వస్తే ఈత కొట్టమన్నారు. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని కాలువలో నేర్చుకున్నవాణ్ణి, పూల్ ఒక లెక్కా అనుకున్నాను. మొదటి రోజు 25 మీటర్లు వెళ్లి, గోడ పట్టుకుని ఐదు నిమిషాలు ఆయాసపడ్డాను. కాలువలో మనం నేర్చుకునేది మునిగిపోకుండా ఉండడం. పూల్‌లో కావలసింది ముందుకు పోవడం. ఈ రెండూ వేరువేరు విద్యలని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తర్వాత మాస్టర్స్ మీట్లకు వెళ్లడం మొదలుపెట్టాను. నా ఈవెంట్ లేనప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని టైమ్‌కీపర్ కుర్చీలో కూర్చుంటాను. కాబట్టి ఈ విషయం నీళ్లలోంచీ చూశాను, గట్టు మీంచీ చూశాను.

మీ నాన్నగారు చదివిన వార్త మియెకో నగావొకా గారిది. 2015 ఏప్రిల్‌లో, జపాన్‌లోని మత్సుయామాలో, 25 మీటర్ల పూల్‌లో ఆవిడ 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 1 గంట 15 నిమిషాల 54.39 సెకన్లలో పూర్తి చేశారు. వందేళ్లు నిండినవాళ్లలో ఆ దూరం పోటీలో ఈదింది ఆవిడే మొదలు. ఆవిడేదో పుట్టు స్విమ్మర్ అనుకునేరు. మోకాలి బాధ తగ్గడానికని ఎనభై దాటాక నీళ్లలోకి దిగిన మనిషి.

ఇప్పుడు ఆ అంకెను కొంచెం విప్పి చూడండి. 1500 అంటే 25 మీటర్ల పూల్‌లో 60 సార్లు. ఒక్కో దానికి సగటున 76 సెకన్లు. వేగంగా చూస్తే ఏమీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బాబీ ఫింక్ ఇదే దూరాన్ని 14 నిమిషాల 30.67 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆవిడకు దానికి ఐదు రెట్లకు పైగా పట్టింది. కానీ ఆవిడ చేసింది వేగం పని కాదు. గంటంబావు సేపు ఆగకుండా, 59 సార్లు గోడ దగ్గర తిరిగి, లెక్క తప్పకుండా, లయ తప్పకుండా ఈదడం. అందులోనూ ఆవిడ ఎంచుకున్నది వెల్లకిల ఈత. ఫ్రీస్టైల్ ఈవెంట్‌లో ఏ స్ట్రోక్ అయినా కొట్టవచ్చని చాలామందికి తెలియదు. బ్యాక్ స్ట్రోక్‌లో ముఖం ఎప్పుడూ పైనే ఉంటుంది, ఊపిరికి ఇబ్బంది లేదు, మెడ తిప్పే పని లేదు. వందేళ్ల మనిషి గంటకు పైగా నీళ్లలో ఉండాలంటే ఇంతకన్నా తెలివైన దారి లేదు. నాకు ఆ రికార్డులో అన్నిటికన్నా నచ్చింది ఈ లెక్కే. ఆవిడ 106 ఏళ్లు బతికి 2021లో పోయారు.

దీని పక్కన పూర్తిగా వేరే రకం రికార్డు పెట్టి చూడండి. జార్జ్ కరోనెస్, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కి చెందిన రిటైర్డ్ డాక్టరు. 2018 ఫిబ్రవరిలో, గోల్డ్ కోస్ట్‌లో కామన్‌వెల్త్ గేమ్స్ సెలక్షన్ పోటీలు జరుగుతున్నప్పుడు, 100-104 ఏళ్ల వయసు విభాగంలో ఆయన కోసం ఒక ప్రత్యేక రేసు పెట్టారు. 50 మీటర్ల ఫ్రీస్టైల్ 56.12 సెకన్లు. అంతకుముందున్న రికార్డు 1 నిమిషం 31.19 సెకన్లు. అంటే ఒక్క దెబ్బకు 35 సెకన్లు ఊడిపోయాయి. కొన్ని రోజుల తర్వాత 100 మీటర్లు 2 నిమిషాల 24.21 సెకన్లలో ఈదారు. ఈయన కూడా కుర్రతనంలో ఈది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మానేసి, మళ్లీ ఎనభయ్యో ఏట మొదలుపెట్టిన మనిషే.

మీరు పూల్‌కి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. "నాకు ఈత వచ్చు" అనే ముప్ఫై ఏళ్ల కుర్రాళ్లను ఓ పదిమందిని వరసగా 50 మీటర్లు ఈదమని ఫోన్‌లో టైమ్ పెట్టండి. మా పూల్‌లో నేను సరదాకి ఒకసారి పెట్టాను. నిమిషం లోపు వచ్చింది ముగ్గురికే. అందులో ఒకడు కాలేజీ టీమ్‌లో ఈదినవాడు. జిమ్‌కి వెళ్లి భుజాలు పెంచిన ఒక అబ్బాయి మొదటి 25 మీటర్లు తుఫానులా వెళ్లి, తిరుగు దోవలో లేన్ తాడు పట్టుకుని వేలాడాడు. పక్క లేన్‌లో పోటీ లేకపోతే మాత్రం ఏం, 56 సెకన్లు 56 సెకన్లే. ఇక్కడ రికార్డు కన్నా టైమింగ్ చూడాలి.

ఇంకో సందేహం మీకు వచ్చే ఉంటుంది. ఆ రోజుకి కరోనెస్‌గారికి 99 ఏళ్లే, మరి 100-104 విభాగంలో ఎలా ఈదారని. ఇది మోసం కాదు, నియమం. ప్రపంచ మాస్టర్స్‌లో వయసును ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కేస్తారు. 25 నుంచి మొదలై ఐదేసి ఏళ్లకు ఒక విభాగం. కొత్త విభాగంలోకి వెళ్లిన ఏడాది అందరికీ పండగే, ఎందుకంటే ఆ గుంపులో అందరికన్నా చిన్నవాళ్లు అప్పుడు మనమే. మామూలుగా వయసు పెరిగితే బాధపడతాం కదా, 59లో ఉన్న మాస్టర్స్ స్విమ్మర్లు మాత్రం అరవై ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ చూసుకుంటారు. నేనూ చూసుకున్నాను.

2024 జనవరిలో కెనడాకి చెందిన బెట్టీ బ్రసెల్ విషయంలోనూ ఇదే జరిగింది. 99 ఏళ్లకు 100-104 విభాగంలో 400 మీటర్ల ఫ్రీస్టైల్ 12 నిమిషాల 50.3 సెకన్లు. పాత రికార్డు కన్నా దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ. ఆవిడ పుట్టి పెరిగింది హాలండ్‌లో, ఈత నేర్చుకుంది అక్కడి కాలువల్లో. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కాలువ గుర్తొచ్చింది. పోటీల్లోకి వచ్చింది మాత్రం అరవై దాటాకే. ఒక్కో 50 మీటర్లు సగటున 96 సెకన్ల లెక్కన ఎనిమిది సార్లు. మీ నాన్నగారిని ఆగకుండా 400 ఈదమని చూడండి, 12 నిమిషాల 50 సెకన్లు అంటే ఏమిటో ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

ఇక మీ అనుమానంలోని నిజం సగం. ఒలింపిక్స్‌లో రికార్డు సెకనులో వందో వంతులతో పోతుంది. ఇక్కడ 35 సెకన్లు, నాలుగు నిమిషాలు పోతున్నాయి. అంటే ఆ విభాగాల్లో ఈదినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, రికార్డులు ఇంకా గట్టిపడలేదు అని అర్థం. 2014 జనవరిలో కెనడాలోని విన్నిపెగ్ వాసి జారింగ్ టిమ్మర్‌మన్ 105-109 విభాగంలో 50 మీటర్ల బ్యాక్ స్ట్రోక్ 3 నిమిషాల 9.55 సెకన్లలో ఈదారు. ఆ విభాగంలో అంతకుముందు ఈదినవాళ్లే లేరు. కాబట్టి ఎంత టైమ్ వస్తే అదే రికార్డు. పరుగు పందేల్లో మన చండీగఢ్ మన్ కౌర్ గారి సంగతీ అంతే. 2017లో ఆక్లండ్ వరల్డ్ మాస్టర్స్ గేమ్స్‌లో 101 ఏళ్లకు 100 మీటర్లు పరిగెత్తితే ఆ విభాగంలో పోటీదారు ఆవిడ ఒక్కరే. దీన్ని దాచాల్సిన అవసరం లేదు, అలాగని నవ్వాల్సిన అవసరమూ లేదు. అక్కడ కొలిచేది వేరు: ఆ వయసుకి నిలబడి రావడం.

అయితే ఈ లెక్క పైమెట్టు విభాగాలకే. 60, 65, 70 ఏళ్ల విభాగాలకు రండి, కథ మారిపోతుంది. ఒకప్పుడు దేశానికి ఆడినవాళ్లు, ఒలింపిక్స్‌కి వెళ్లినవాళ్లు ఉంటారు అక్కడ. రికార్డులు రాయిలా ఉంటాయి. వార్తల్లోకి వచ్చేది వందేళ్లవాళ్లే కాబట్టి ఇదంతా తాతయ్యల సరదా అనుకుంటారు జనం. నన్నడిగితే అసలు నోరెళ్లబెట్టాల్సింది అరవై ఐదేళ్లవాళ్ల టైమింగులు చూసి.

వయసుతో పాటు వేగం ఎంత తగ్గుతుందన్నది లెక్కకట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికా మాస్టర్స్ పోటీల ఫలితాలు తీసుకుని హిరోఫూమి తనాకా, డగ్లస్ సీల్స్ అనే ఇద్దరు 1997లో ఒక పరిశోధన పత్రం వేశారు. అందులో తేలింది ఏమిటంటే, 1500 మీటర్లలో వేగం ముప్ఫైల చివరిదాకా దాదాపు నిలబడుతుంది, అక్కణ్ణుంచి డెబ్భై వరకు కొద్దికొద్దిగా, ఒకే వాలులో పడుతుంది, డెబ్భై దాటాక గబగబా పడుతుంది. 50 మీటర్ల లాంటి చిన్న దూరాల్లో ఈ పడిపోవడం తక్కువ. అందుకే నేను మీ నాన్నగారి వయసువాళ్లతో, గత ఏడాది టైమ్‌తో పోల్చుకుని దిగులుపడవద్దని చెబుతుంటాను. 72లో ఏడాదికి రెండు సెకన్లు పెరిగితే అది బద్ధకం కాదు, ఆ వాలు మీద ఉన్నారంతే.

ఈ లెక్కల్లో ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. జబ్బుపడినవాళ్లు, మోకాళ్లు పోయినవాళ్లు పోటీలకు రావడం మానేస్తారు. 80 ఏళ్ల విభాగంలో మిగిలేది ఆరోగ్యం బాగున్నవాళ్లే. కాబట్టి ఆ టైమింగులు చూసి "ఈత కొడితే ఎనభైలో ఇలా ఉంటాం" అనుకుంటే తప్పు. "ఎనభైలో ఇలా ఉన్నవాళ్లు ఈత కొడుతున్నారు" అన్నది కూడా అంతే నిజం. టిమ్మర్‌మన్‌గారు తన రహస్యం అడిగితే నాలుగు మాటలు చెప్పేవారు: వంశం, వ్యాయామం, తిండి, మనసు. వంశాన్ని మొదట పెట్టడం నిజాయితీ అనిపించింది నాకు.

మరి పరుగు కన్నా ఈతలో ముసలివాళ్లు ఎందుకు ఎక్కువకాలం నిలబడగలుగుతారు? ఒకటి అందరికీ తెలిసిందే, మెడ లోతు నీళ్లలో కాళ్లు మోయాల్సింది ఒంటి బరువులో పదో వంతే. రెండోది అంతగా మాట్లాడుకోనిది. నీళ్లలో వేగం రెట్టింపు చేస్తే అడ్డు రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు అవుతుంది. అంటే బలంతో నీళ్లను కొట్టేవాడికి నీళ్లు అంతకంత తిరిగి ఇస్తాయి. ఒళ్లు సన్నగా, సూటిగా పెట్టి జారిపోయేవాడికి దారి ఇస్తాయి. బలం వయసుతో పోతుంది గానీ ఒడుపు అంత తొందరగా పోదు. మా పూల్‌లో డెబ్భై దాటిన రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. 25 మీటర్లకు ఆవిడ వేసేది 20 చేతులు. పక్క లేన్‌లో ఇందాక చెప్పిన జిమ్ అబ్బాయి వేసేది 34. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి గోడ ముడతారు. ఆవిడ వెంటనే తిరిగి వెళ్లిపోతారు, ఆ అబ్బాయి ఈత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నిలబడిపోతాడు.

ఒడుపు, బలం రెండూ ఉన్నవాళ్లు నలభైల్లో ఏం చేయగలరో కూడా ఒక మాట. అమెరికా స్విమ్మర్ డారా టోరెస్ 2006లో కూతురు పుట్టిన కొన్ని వారాలకే ఒక మాస్టర్స్ మీట్‌లో ఈది, రెండేళ్లు తిరిగేసరికి 41వ ఏట బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడు రజతాలు తెచ్చుకున్నారు. 50 ఫ్రీస్టైల్‌లో బంగారం పోయింది సెకనులో వందో వంతుతో, 24.06కి 24.07. బ్రెజిల్ ఆటగాడు నికొలస్ శాంటోస్ 42 ఏళ్ల వయసులో 2022 మెల్‌బోర్న్ షార్ట్ కోర్స్ (25 మీటర్ల పూల్) ప్రపంచ పోటీల్లో 50 బటర్‌ఫ్లై గెలిచాడు. అది మాస్టర్స్ కాదు, కుర్రాళ్లతో అసలు పోటీ. మన దగ్గర చూస్తే హైదరాబాద్‌కి చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. అది పూల్ కాదు, సముద్రం. మా లాంటివాళ్లం అది ఊహించుకోవడానికే జంకుతాం.

ఇక మీట్‌లో అసలు ఏం జరుగుతుందో చెబుతాను, మీ ఇంట్లో భయం కొంత దానివల్లే అనుకుంటున్నాను. ఒకసారి నేను ఆరో లేన్‌కి వాచీ పట్టుకున్నాను. 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్. నా లేన్‌లో 81 ఏళ్ల పెద్దాయన. మిగతా లేన్లలో యాభైల, అరవైలవాళ్లు. ఆయన స్టార్టింగ్ బ్లాక్ ఎక్కలేదు, మెట్ల మీంచి నీళ్లలోకి దిగి గోడ పట్టుకున్నారు. మాస్టర్స్‌లో దానికి అనుమతి ఉంది. విజిల్ మోగింది, అందరూ వెళ్లారు, అందరూ వచ్చేశారు. ఆయన అప్పటికి మూడో లెంగ్త్ మధ్యలో ఉన్నారు. మాస్టర్స్‌లో ఇంకో మంచి నియమం ఉంది: ఈదడం అయిపోయినవాళ్లు ఇతరులు పూర్తిచేసేదాకా తమ లేన్లోనే ఉండవచ్చు. అందరూ తాళ్ల మీద చేతులు వేసుకుని ఉండిపోయారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో "తాతా, కమాన్" అని అరిస్తే పక్కనున్నాయన ఊరుకోమని సైగ చేశాడు. ఆయన వచ్చి రెండు చేతులూ ఒకేసారి గోడకు ఆనించారు, బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఒక చెయ్యి ముందు తగిలితే డిస్‌క్వాలిఫై. ఊపిరి తీసుకోకముందే నన్ను అడిగిన మాట "ఎంత?" అని. చెప్పాను. "పోయినేడు కన్నా సెకనున్నర తక్కువ. మీ వాచీ సరిగ్గా ఉందా?" అన్నారు. లేన్‌కి ముగ్గురం ఉన్నాం, మూడు వాచీలూ తేడాగా వస్తే మధ్యది తీసుకుంటారు అని చెప్పేదాకా ఆయన నీళ్లలోంచి బయటికి రాలేదు.

చూశారు కదా, ఆయనకు మన జాలి అక్కర్లేదు, మన పొగడ్త కూడా అక్కర్లేదు. కావలసింది సరైన టైమ్.

మాస్టర్స్ అనే ఈ ఏర్పాటు 1970లో అమెరికాలో, టెక్సస్‌లోని అమరిల్లోలో జరిగిన ఒక మీట్‌తో మొదలైంది. దాని వెనక ఉన్న ర్యాన్సమ్ ఆర్థర్ నేవీలో డాక్టరు. పోటీ అనే ఆశ ఉంటే పెద్దవాళ్లు వ్యాయామం మానరన్నది ఆయన ఆలోచన. ప్రపంచ పోటీలు 1986లో టోక్యోలో మొదలయ్యాయి. మన దేశంలో స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జాతీయ మాస్టర్స్ పోటీలు పెడుతుంది, ముందు రాష్ట్ర స్థాయివి ఉంటాయి. రిలేలో నలుగురి వయసులు కలిపి విభాగం కడతారు. 280-319, 320-359 ఇలా. మా టీమ్‌లో వయసు కలవక, 66 ఏళ్లవాళ్లు ఒకరు దొరికితే చాలని ఊరంతా వెతికిన రోజులున్నాయి. మీ నాన్నగారు రిలేలకు బంగారం అని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. పంపండి. కానీ ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి "రోజూ ఈదుతున్నారు" అని కాదు, "పోటీలో గట్టిగా ఈదుతారు" అని చెప్పి చూపించండి. ఈ రెండూ గుండెకు ఒకటి కాదు. బీపీ మాత్రలు వాడుతుంటే, కంటి ఒత్తిడి ఉంటే, మెడ నొప్పి ఉంటే ఆ మాటా చెప్పండి. డైవ్ వద్దు. నా మొదటి మీట్‌లో కుర్రాళ్లని చూసి బ్లాక్ మీంచి దూకాను. కళ్లద్దాలు జారి నోట్లోకి వచ్చాయి. కళ్లు మూసుకుని ఈది, లేన్ తాడుకు భుజం రాసుకుని, రక్తంతో బయటికొచ్చాను. గోడ నుంచి తోసుకుని వెళ్తే ఓ రెండు సెకన్లు పోతాయి, పోనివ్వండి.

ప్రాక్టీసులో చేతులకు ప్లాస్టిక్ ప్యాడిల్స్ తగిలించుకోవద్దని చెప్పండి. 51వ ఏట నేను కుర్రాళ్ల ప్రాక్టీసు సెట్‌లో దూరి వాటితో ఈది, కుడి భుజం పాడుచేసుకుని ఐదు నెలలు గట్టు మీద కూర్చున్నాను. నీళ్ల కింద ఊపిరి బిగబట్టి ఎంత దూరం వెళ్తానో చూస్తానంటే అసలు ఒప్పుకోవద్దు, అందులో స్పృహ తప్పిపోయే ప్రమాదం ఉంది. మోకాళ్లు నొప్పి అంటే బ్రెస్ట్ స్ట్రోక్ వద్దు, ఆ కిక్ మోకాళ్లను మెలిపెడుతుంది. మొదటి మీట్‌కి రెండు ఈవెంట్లు చాలు, వాటి మధ్య కనీసం గంట ఉండేలా చూసుకోండి. మన మీట్లు ఎప్పుడూ ఆలస్యమే, పొద్దున ఎనిమిదికి అన్న రేసు పదకొండుకు జరుగుతుంది. టిఫిన్ తేలిగ్గా పెట్టి, రెండు అరటిపళ్లు, ఒక పొడి తువ్వాలు, రెండో జత ఈత కళ్లద్దాలు ఇచ్చి పంపండి. వయసు రుజువు కింద ఆధార్ లేదా పాస్‌పోర్టు ఒరిజినల్ తీసుకెళ్లండి. పెద్ద వయసు విభాగాల్లో దాన్ని జాగ్రత్తగా చూస్తారు.

ఎంట్రీ ఫారంలో టైమింగ్ రాయమని అడుగుతారు. ఊహించి రాయవద్దు. ఈ ఆదివారం ఆయన బాగా వార్మప్ అయ్యాక, గోడ నుంచి తోసుకుని 50 ఫ్రీస్టైల్ ఒకసారి, పది నిమిషాలు ఆగి 50 బ్యాక్ స్ట్రోక్ ఒకసారి ఈదమనండి. వాచీ మీరే పట్టుకోండి, ఆయనకు కనపడకుండా. రెండు అంకెలూ, పూల్ 25 మీటర్లదా 50 మీటర్లదా అన్నదీ ఇక్కడ రాస్తే ఏ ఈవెంట్లకు ఇవ్వాలో చెబుతాను.